మా ఇంటి మేస్త్రీ

ఆమె ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. నడుము నొప్పికి ఈత మంచిదని ఎవరో చెబితే సాయంత్రం పూట ఆడవాళ్ళ ఈత క్లాసులో చేరింది. నొప్పి తగ్గిందో లేదో గానీ ఇద్దరు స్నేహితురాళ్ళు మాత్రం దొరికారు. ఒకావిడ లాయరు. మెడ దాకా నీళ్ళలో ఉన్నా కోర్టులో నిలబడ్డట్టే మాట్లాడేది. రెండో ఆవిడ పళ్ళ డాక్టరు. మనిషి పొట్టి, మాట పొడుగు. అందరూ ఆవిడను చిట్టి అనేవాళ్ళు. వాళ్ళిద్దరూ ఈమెకు లైబ్రరీ అని పేరు పెట్టారు. నడివయసులో ఒక మనిషికి కొత్తగా ముద్దుపేరు రావడం రోజూ జరిగే సంగతి కాదు. ఆ పిలుపు వింటే చాలు, ఆమెకు కాలేజీలో పడ్డ బడలికంతా దిగిపోయేది.

చిట్టి అప్పుడే ఇల్లంతా కొత్తగా చేయించుకుంది. తల తుడుచుకుంటూనే ఫోను తీసి ఫొటోలు చూపించేది. గోడల రంగులు, వేలాడే దీపాలు, వేలితో తోస్తే దానంతటదే మెల్లగా మూసుకునే వంటింటి సొరుగు. చూపించి, చూపించి, ఒకరోజు అడిగింది.

"మీ ఇంట్లో కూడా ఏదో పని జరుగుతోందన్నావుగా లైబ్రరీ, ఎవరు చేస్తున్నారు?"

ఆమె భర్త ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మిషను మీద పనిచేసేవాడు. ఇల్లు పాతదైపోయిందని, మనుషుల్ని పెట్టి చేయించడం ఎందుకు, నేనే చేస్తానని దిగాడు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంటూ, సెలవు రోజుల్లో ఒక గోడ, ఒక తలుపు చొప్పున చేసుకుంటూ పోతున్నాడు. మా ఆయనే చేస్తున్నాడు అని చెబితే సరిపోయేది. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది కూడా. కానీ ఆ సొరుగు ఫొటో ఇంకా కళ్ళ ముందే ఉంది.

"ఒక మేస్త్రీ ఉన్నాడు. మంచివాడే. నెమ్మది" అంది.

అంతటితో పోతుందనుకుంది. మర్నాడు చిట్టి "ఏం చేశాడు ఇవాళ మీ మేస్త్రీ?" అని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని స్నానాల గదిలో కుళాయిల సంగతి చెప్పింది. వేడినీళ్ళ వైపు తిప్పితే చన్నీళ్ళు, చన్నీళ్ళ వైపు తిప్పితే వేడినీళ్ళు. ఇద్దరూ కడుపుబ్బా నవ్వారు. లాయరు నీళ్ళు మింగి దగ్గింది కూడా. తన మాటలకు మనుషులు అలా నవ్వడం ఆమెకు కొత్త. లైబ్రరీలో ఎవరైనా నవ్వితే తనే ఊరుకోబెట్టాలి మరి.

ఆ తర్వాత మేస్త్రీ కథ చెప్పని సాయంత్రం లేదు. ఫ్రిజ్‌కి తగిలేలా తలుపు బిగించి, తలుపు తియ్యాలంటే ఫ్రిజ్ జరపాల్సి వచ్చిన కథ. ఒకే గదికి రెండు డబ్బాల్లో రెండు పసుపులు కలిపి, ఎండ పడ్డప్పుడు గోడకు కామెర్లు వచ్చినట్టయిన కథ. ఏదీ కల్పించింది కాదు. ఇంట్లో ఆమె భర్త తన తప్పులు తనే చెప్పుకుని నవ్వించేవాడు. అతను తన మీద తను వేసుకున్న జోకుల్ని ఆమె పట్టుకెళ్ళి అక్కడ వేరేవాడి మీద పెట్టి చెప్పేది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మనసులో ఎక్కడో చివుక్కుమనేది. గేటు తీసేసరికి మర్చిపోయేది.

మీవారేం చేస్తారని అడిగితే "ప్రింటింగ్ లైన్‌లో ఉన్నారు" అనేది. వాళ్ళు ప్రెస్సు ఆయనదే అనుకున్నారు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

ముగ్గురూ కలిసి ఎటైనా వెళ్ళొద్దామని లాయరు అంది. చిట్టి తన పిల్లిని వదిలి ఎక్కడికీ రాదు కాబట్టి, పిల్లుల్నీ కుక్కల్నీ రానిచ్చే చోటు వెతికారు. ఒక చెరువు ఒడ్డున చిన్న ఇళ్ళు అద్దెకిస్తారని తెలిసింది. లాయరు కారు. మా సందులోకి కారు రాదని, మందుల దుకాణం ముందు నిలబడతానని ఆమె చెప్పింది.

ఆరోజు వాళ్ళు తొందరగా బయల్దేరారు. దుకాణం ముందు ఆమె కనబడకపోయేసరికి లాయరు కారును సందులోకి తిప్పింది. సందు బాగానే పట్టింది. చిట్టి అద్దం దించి "ఎప్పటినుంచో పని జరుగుతున్న ఇల్లు ఎక్కడండీ?" అని అడిగితే, బట్టలు ఆరేసుకుంటున్నావిడ, సైకిలు తుడుచుకుంటున్నాయన, గోడ మీద కూర్చున్న పిల్లలు అందరూ ఒకే వైపు వేలు చూపించారు.

ఆమె లోపల చెప్పులు వేసుకుంటోంది. గేటు దగ్గర చిట్టి గొంతు వినబడింది.

"నువ్వేనా ఆ మేస్త్రీవి? నీ గురించి వినీ వినీ నువ్వు మాకు చుట్టమైపోయావయ్యా."

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి భర్త నిచ్చెన మీద ఉన్నాడు. జుట్టు నిండా సున్నం, లుంగీ పైకి కట్టి ఉంది, చేతిలో గోడకు లప్పం పూసే రేకు. నిచ్చెన కింద ఇసక కుప్పలో వాళ్ళ ముసలి కుక్క పడుకుని ఉంది. దాని పేరు దొర. పళ్ళు ఊడిపోయినా పేరు మాత్రం మిగిలింది. చిట్టి చంకలో బుట్ట, బుట్టలో పిల్లి. దొర ఒక కన్ను తెరిచి పిల్లిని చూసి, మళ్ళీ మూసుకుంది.

అతను ఆమె వైపు చూశాడు. నవ్వబోతున్నాడు. నోరు తెరిచి, ఈవిడకు నేనెవరో నువ్వే చెప్పు అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"వచ్చేస్తున్నా" అంది ఆమె స్నేహితురాళ్ళతో. తర్వాత అతని వైపు తిరిగి, "మేస్త్రీ, కాస్త ఆ నిచ్చెన పక్కకి జరపండి" అంది.

వాళ్ళిద్దరిదీ స్నేహం మీద జరిగిన పెళ్ళి. ఆమె అతన్ని నువ్వు అనే పిలిచేది. కోపం వచ్చినా సంతోషం వచ్చినా నువ్వే. ఈ 'అండి' ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియలేదు. అతని మొహంలో నవ్వు ఒక్క క్షణం అక్కడే ఆగిపోయింది. తర్వాత నిచ్చెన దిగాడు.

"అలాగేనమ్మా" అన్నాడు.

కారు హారన్ కొట్టి తొందరపెట్టాల్సిన లాయరు కూడా దిగి లోపలికి వచ్చింది. "ఇంత దూరం వచ్చాం, ఆ కుళాయిలు చూడకుండా పోతామా? మీవారేరి?"

"ఊళ్ళో లేరు" అంది ఆమె.

అతను విన్నాడు. పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

వాళ్ళు గది గదీ తిరుగుతుంటే ఆమె వెనకాలే నడిచింది. చిట్టి కుళాయిలు తిప్పి చూసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఫ్రిజ్ పక్కన తలుపు చూసి మళ్ళీ నవ్వింది. "గోడకి కామెర్లొచ్చిన గది ఏదీ?" అని అడిగింది. అడిగింది అతన్నే. అతను ఆ గది తలుపు తీసి చూపించాడు. ఆ తలుపు తీస్తూ భార్య వైపు చూడలేదు. ఎన్నాళ్ళుగా ఈ కథలు నడుస్తున్నాయో అతనికి అర్థమైపోయిందని ఆమెకు తెలిసిపోయింది.

లాయరు మాత్రం ఈసారి నవ్వలేదు. వంటింట్లో పొయ్యి వెనక గోడకు వేసిన పలకల ముందు నిలబడి తల ఒక పక్కకి వాల్చి చూసింది.

"ఈ వరస చూడు, కిటికీ దగ్గరికొచ్చేసరికి కిందికి జారింది. కొలత పట్టకుండానే అంటించావా? నెలల తరబడి సాగదీస్తూ ఇదా పని? ఆవిడ మెతక మనిషి, ఏమీ అనదని నెత్తికెక్కినట్టున్నావు. మా ఇంట్లో అయితే మొదటి వారమే పొమ్మనేదాన్ని."

చెప్పాల్సింది ఇప్పుడేనని ఆమెకు తెలుసు. ఆ పలకలు వేసిన రోజు అతను భోజనం కూడా మర్చిపోయి, చివరి పలక అంటించి, మోకాళ్ళ మీదే కూర్చుని ఆమెను పిలిచాడు. ఆమె వచ్చి బాగుందంది. నిజంగానే బాగుందనుకుంది. ఇప్పుడు పొయ్యి మీద ఖాళీ గిన్నె తీసి పక్కన పెట్టింది, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"తప్పేనమ్మా. సరిచేస్తాను" అన్నాడతను.

చిట్టికి బాల్కనీలో ఏదో చిన్న పని ఉంది. లాయరు ఇంత తిట్టాక కూడా చిట్టి అతని నంబరు అడిగి ఫోనులో ఎక్కించుకుంది. మేస్త్రీలు దొరకడం అంత కష్టంగా ఉంది మరి.

బ్యాగు అతనే మోశాడు. లాయరు వేలితో చూపిస్తే డిక్కీలో పెట్టాడు. కారు కదలబోతుంటే ఆమె కూర్చున్న వైపు కిటికీ దగ్గరికి వచ్చి, సున్నం చేతులు వెనక్కి పెట్టుకుని వంగాడు.

"అమ్మగారూ, సారు చెప్పమన్నారు. కారులో మీకు కడుపులో తిప్పుతుందంట గదా. మాత్రలు బ్యాగు పక్క అరలో పెట్టారంట."

"సరే" అంది ఆమె.

కారు సందు మలుపు తిరిగాక చిట్టి "ఎంత అదృష్టవంతురాలివి లైబ్రరీ, ఊళ్ళో లేకపోయినా మేస్త్రీతో కబురు పెట్టే మొగుడు" అంది. ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

చెరువు బాగుంది. ఇల్లు బాగుంది. పిల్లి మొదటి గంటలోనే కర్టెన్ ఎక్కేసింది, దాన్ని దింపడానికి చిట్టి కుర్చీ ఎక్కింది, కుర్చీ మీంచి చిట్టిని దింపడానికి లాయరు వెళ్ళింది. మామూలుగా అయితే ఆమె అది చూసి పడీ పడీ నవ్వేది. ఇప్పుడు నవ్వు మొహానికి అతికించుకున్నట్టుంది. పడవ ఎక్కారు. తిరిగొచ్చి ఒడ్డున టీ తాగారు. భర్తకు 'చేరాం' అని మెసేజ్ పెట్టింది. 'మంచిది' అని వచ్చింది. రోజూ అయితే దొర ఫొటో ఒకటి పంపేవాడు, దాని కింద ఏదో ఒక ఎకసెక్కం రాసేవాడు. ఈసారి ఆ ఒక్క మాటే. తప్పైంది అని టైపు చేసి, అలాంటి మాట ఫోనులో పంపడానికి మొహం చెల్లక చెరిపేసింది.

మర్నాడు ముగ్గురూ వరండాలో చాప మీద కూర్చుని ఉండగా చిట్టికి బాల్కనీ గుర్తొచ్చింది. ఆమె వద్దనేలోపే ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"మేస్త్రీ, నేనయ్యా, నిన్న పిల్లితో వచ్చాను చూడు. మా బాల్కనీకి ఎప్పుడొస్తావు?"

"ఇప్పట్లో కుదరదమ్మా. ఈ ఇల్లు పూర్తయ్యేదాకా వేరే పని ఒప్పుకోను."

"పూర్తయ్యేదాకానా? అప్పటికి మా బాల్కనీ రాలి కింద పడుతుంది." చిట్టి లాయరుకు కన్ను గీటింది. "అయినా ఇన్నాళ్ళూ నిన్ను పెట్టుకున్నారంటే ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలయ్యా."

అవతల దొర ఎక్కడో దగ్గినట్టు మొరిగింది.

"అవునమ్మా" అన్నాడతను. "అమ్మగారు ఓపిక మనిషి."

"సెలవు రోజు కూడా పనికొచ్చావా? కుక్క వినబడుతోంది."

"సారు ఊళ్ళో లేరు గదమ్మా. దానికి అన్నం పెట్టే దిక్కు లేదని వచ్చాను."

ఆ గొంతులో వెటకారం ఉంటే ఆమె తట్టుకునేది. వెతికింది. లేదు. తను చెప్పిన అబద్ధానికి ఎక్కడా చిల్లు పడకుండా, గోడకు లప్పం పూసినంత జాగ్రత్తగా పూస్తున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. చిట్టి ఫోను పెట్టేసి "పాపం, మనిషి మంచివాడే" అంది.

"ఆయన మేస్త్రీ కాదు" అంది ఆమె.

"మరి?"

"మా ఆయన."

చిట్టి ముందు నవ్వింది, ఇది ఇంకో మేస్త్రీ కథేమో అనుకుని. ఆమె మొహం చూసి ఆపేసింది. లాయరు చేతిలో కప్పు కింద పెట్టింది. ఆమె అంతా చెప్పింది. ప్రెస్సు ఆయనది కాదని, మిషను మీద పనిచేస్తాడని, కుళాయిలూ తలుపూ గోడా అన్నీ ఆయన స్వయంగా చేసినవేనని, ఆ కథలు ఆయనే తనకు చెప్పాడని. చెబుతున్నంతసేపూ చాప అంచు నుంచి ఊడిన ఒక పుల్లను పీకుతూనే ఉంది.

"నేను ఆయన్ని తిడుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు" అంది లాయరు. గొంతు పెంచలేదు. "గిన్నె సర్దుకుంటూ ఉన్నావు."

"ఉన్నాను."

"మేమేం చేస్తామనుకున్నావు? మిషను మీద పనిచేసేవాడి పెళ్ళానివని తెలిస్తే నీతో ఈత మానేస్తామనుకున్నావా? మా గురించి ఇంతేనా నువ్వనుకున్నది?"

ఆమె అలా ఎన్నడూ అనుకోలేదు. అలా అనుకోకుండానే, అనుకున్నట్టు నడుచుకుంది. చిట్టి పిల్లిని ఒళ్ళోకి తీసుకుని దాని చెవులు సర్దుతూ కూర్చుంది. కాసేపటికి లాయరే, ఈసారి తనలో తను అనుకుంటున్నట్టు, "మేస్త్రీ అయినా మాత్రం, ముక్కూమొహం తెలియని మనిషిని నేనలా అనొచ్చా" అంది.

ఇంకొక పూట ఉండాల్సింది. ఆమె బస్సులో వెళ్ళిపోతానంది. కారులో దిగబెడతామని వాళ్ళూ గట్టిగా అనలేదు. బస్సు స్టాపు దాకా చిట్టి తోడు వచ్చింది. బస్సు ఎక్కుతుంటే మోచెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, "జాగ్రత్త" అని మాత్రం అంది.

ఇంటికొచ్చేసరికి అతను వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పలకల ముక్కలు. కిటికీ వైపు జారిన వరసే కాదు, గోడ మొత్తం ఊడగొట్టేశాడు. పొయ్యి మీద ఒక పాత దుప్పటి కప్పి ఉంది. దొర గుమ్మానికి అడ్డంగా పడుకుని తోక ఆడించింది.

"అప్పుడే వచ్చేశావేం?" అన్నాడు తలెత్తకుండా.

"వాళ్ళకి చెప్పేశాను."

అతను ఉలిని పక్కన పెట్టాడు. "ఎప్పట్నుంచి చెబుతున్నావు ఈ మేస్త్రీ కథలు?"

"చిట్టి ఇల్లు చేయించుకున్నప్పట్నుంచి."

"తలుపు సంగతి చెప్పినప్పుడు నవ్వారా?"

"నవ్వారు."

"ముందే తెలిస్తే దాన్ని ఇంకా బాగా ఎలా చెప్పాలో నేర్పేవాణ్ణి" అన్నాడు. నవ్వలేదు.

ఆమె గుమ్మం దగ్గరే నేల మీద కూలబడింది. తప్పైంది అంది. ఇంకేం చెప్పాలో తెలియక మళ్ళీ అదే అంది. అతను ఒక పలక ముక్క తీసుకుని, దాని వెనక అంటుకున్న సిమెంటును గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"మేస్త్రీ అన్నందుకు కాదు" అన్నాడు చివరికి. "ప్రెస్సులో నన్ను అంతకన్నా దారుణమైన పేర్లతో పిలుస్తారు. గుమ్మంలోకి వచ్చి నా వైపు చూశావు చూడు, నేను ఎక్కడ నోరు విప్పుతానో అని హడలిపోయావు. నన్ను చూసి నువ్వు భయపడడం నేను ఎప్పుడూ చూడలేదు. అది పోవాలని ఏం చెయ్యాలో తోచక 'అలాగేనమ్మా' అనేశాను. తర్వాత ఇంక ఆపడం చేతకాలేదు."

ఆమె ఏడ్చింది. అతను ఓదార్చలేదు. లేచి, అన్నం కంచంలో పెట్టుకుని బయటికి వెళ్ళబోయాడు. ఇక్కడే తినమంది. "పనివాళ్ళం, బయటే తింటాం" అన్నాడు. అన్నాక ఆమె మొహం చూసి, ఆ మాట అనకుండా ఉండాల్సిందని అతనికే అనిపించినట్టుంది. గుమ్మంలో కాసేపు అలాగే నిలబడ్డాడు. కానీ వెనక్కి రాలేదు. ఇసక కుప్ప పక్కన కూర్చుని తిన్నాడు. దొర వెళ్ళి అతని పక్కన కూర్చుంది. వంటింట్లో పలకల ముక్కలన్నీ ఆమె ఒక్కతే బస్తాలోకి ఎత్తింది.

తర్వాతి వారం లాయరూ చిట్టీ ఇంటికి వచ్చారు. రమ్మని ఆమె పిలవలేదు. అతన్ని చూడాలని వాళ్ళే కబురు చేసి వచ్చారు. అతను ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు గానీ కుర్చీ అంచునే కూర్చున్నాడు. లాయరు చుట్టూ తిప్పకుండా, "ఆ రోజు నోరు పారేసుకున్నాను, క్షమించండి" అంది.

"మీరు తిట్టింది మేస్త్రీని గదండీ, నన్ను కాదు" అన్నాడతను.

"మేస్త్రీనైనా అలా తిట్టకూడదు."

అతను కాస్త ఆలోచించాడు. "అది నిజమేనండీ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. చిట్టి బుట్టలోంచి పిల్లిని తీసి, దొర దగ్గర వదిలి, రెండింటి మధ్య ఏదైనా గొడవ జరిగితే బాగుండునన్నట్టు ఎదురుచూసింది. అవి కూడా సాయం చెయ్యలేదు. టీ తాగి, కొత్తగా మొదలుపెట్టిన గోడ చూసి, బాగుందని రెండేసి సార్లు చెప్పి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక అతను, "లాయరమ్మ మంచి మనిషే. ఆ పలకలు వంకరగా ఉన్నమాట కూడా నిజమే" అన్నాడు. ఆమెతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. దొర మందుల గురించి, కరెంటు బిల్లు గురించి, ప్రెస్సులో కొత్త మిషను గురించి. తను చేసిన పొరపాట్ల గురించి మాత్రం చెప్పడం మానేశాడు. మొన్న కిటికీ చట్రం తలకిందులుగా బిగించి, తనే గమనించి విప్పుకుని, మళ్ళీ బిగించాడు. ఆ సంగతి ఆమె పక్కింటావిడ చెబితే విన్నది.

ఈత మానేద్దామనుకుంది. లాయరు ఫోను చేసి, మానేస్తే ఊరుకోనంది. వెళ్ళింది. ఆమె లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటి అక్కడ కాచుకుని ఉంది. చిట్టి నోరు మామూలు నోరు కాదు. ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన కథలన్నీ ఆవిడ క్లాసులో అందరికీ చెప్పేసింది. బట్టలు మార్చుకునే గదిలో టోపీ పెట్టుకుంటున్న బ్యాంకు ఉద్యోగిని ఒకామె, ఇదివరకు ఎన్నడూ మాట్లాడని ఆమె, నవ్వుతూ దగ్గరికి వచ్చింది.

"మీ మేస్త్రీ కథలు మా ఇంట్లో పిల్లలక్కూడా తెలుసండీ. ఈ వారం ఏం చేశాడు?"

గదిలో ఇంకో నలుగురు వినడానికి సిద్ధంగా ఇటు తిరిగారు. చిట్టి బెంచీ మీద బిగుసుకుపోయి కూర్చుంది. ఆమెకు చెవులు కాలిపోతున్నాయి. నవ్వి ఊరుకోవచ్చు. పని అయిపోయింది, వెళ్ళిపోయాడు అని చెప్పొచ్చు.

"మేస్త్రీ ఎవరూ లేరండీ" అంది. "అదంతా చేసేది మా ఆయన. నేనే అలా చెప్పాను, అంతే."

బ్యాంకు ఆమెకు ఎటు చూడాలో తెలియలేదు. "అలాగా" అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు తువాళ్ళు మడతపెట్టుకోవడంలో పడ్డారు. మర్నాడు ఇంకొకరు అడిగారు. వాళ్ళకూ అదే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ గది అలాగే చల్లబడింది, మొహం అలాగే మండింది. ఇంకా ఎంతమందికి ఆ కథలు తెలుసో ఆమెకు తెలియదు. క్లాసులో చాలామందే ఉన్నారు.